పద్నాలుగు రోజుల ఇల్లు

మాది ఉదయగిరి. కాపురం ఆత్మకూరులో. ఉద్యోగం మాత్రం ముంబైకి అవతల, సముద్రం మధ్యలో. ఇరవై ఏడేళ్లు నేను విమానంలో పనికి పోయి, విమానంలో ఇంటికి తిరిగొచ్చాను. మొదట్లో ఈ మాట చెబితే ఊళ్లో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. నమ్మడం మొదలైన తర్వాత అందరూ నన్ను అదృష్టవంతుడన్నారు. చాలాకాలం నేనూ అదే అనుకున్నాను.

సముద్రంలో ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన గ్యాస్ ప్లాట్‌ఫారం మీద, గ్యాసును నొక్కి గొట్టాల్లోకి పంపే కంప్రెసర్లు బాగుచేసే మెకానిక్‌ని నేను. పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఇంటి దగ్గర. మళ్లీ పద్నాలుగు అక్కడ.

మొన్న అనుమసముద్రంపేట నుంచి షాహినా అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. దర్గా దగ్గర వాళ్ల నాయనకు చిన్న అంగడి ఉంది. ఇలాంటి చోటే, ఇలాంటి పద్ధతిలోనే ఆమెకు ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. "అంకుల్, బ్యాగులో ఏమేం పెట్టుకోవాల?" అని అడిగింది. నూలు సాక్సులు నాలుగు జతలు ఎక్కువ పెట్టుకోమన్నాను. హెలికాప్టర్ ఎక్కే ముందు కడుపు నిండా తినొద్దన్నాను. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. వెళ్లాక, నేను ఆమెకు బ్యాగు సంగతి తప్ప ఏమీ చెప్పలేదని తెలిసింది. చెప్పాల్సింది చాలా ఉంది. ఎదురుగా కూర్చుని చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

దారి

ఆత్మకూరులో పొద్దున్నే బస్సెక్కితే నెల్లూరు. అక్కడి నుంచి ఇంకో బస్సులో చెన్నై. మధ్యాహ్నం విమానంలో ముంబై. ఆ పూటకు కంపెనీ గెస్ట్‌హౌస్‌లో పడుకుని, మర్నాడు హెలికాప్టర్. ఎక్కే ముందు మనిషినీ బ్యాగునూ కలిపి తూకం వేస్తారు. నారింజ రంగు లైఫ్‌జాకెట్ తొడుగుతారు. హెలికాప్టర్ నీళ్లలో పడి తలకిందులైతే ఎలా బయటపడాలో ముందే ఈతకొలనులో నేర్పిస్తారు. నడుము లోతుకు మించి నీళ్లు చూడని మెట్టప్రాంతం వాణ్ణి నేను. మొదటిసారి నన్ను హెలికాప్టర్ లాంటి ఇనుప డబ్బాలో కూర్చోబెట్టి నీళ్లలో ముంచి తిప్పినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది, ఇష్టదైవం గుర్తు రాలేదు.

ఇలాంటి ఉద్యోగాల్లో ప్రయాణమే కష్టమనుకుంటారు. అది కాదు. ఒళ్లు ఏడాదిలో అలవాటు పడుతుంది, బస్సులో నిద్రపోవడం, విమానంలో కాళ్లు ముడుచుకోవడం అన్నీ వచ్చేస్తాయి. మనసుకు మాత్రం అలవాటు కాదు. బయలుదేరడానికి రెండు రోజుల ముందే సగం మనిషి అక్కడికి వెళ్లిపోతాడు. అన్నం తింటూ కంప్రెసర్ గురించి ఆలోచిస్తాడు. దారిలో పోయే రోజులు తీసేసి, ఈ రెండు రోజులు తీసేస్తే, పద్నాలుగులో ఇంటికి మిగిలేవి తొమ్మిది.

కుటుంబాన్ని ముంబైకి మార్చలేదేమని చాలామంది అడిగారు. నా భార్య కామాక్షి మా మేనమామ కూతురు. మర్రిపాడు వైపు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేది. ముంబై మాట నేను ఒక్కసారే ఎత్తాను. "నేను చెప్పే లెక్కలు ఆ ఊళ్లో ఎవరికి కావాల బావా? ఇక్కడైతే నన్ను చూసి ఆడపిల్లలు పదో తరగతి దాకా వస్తా ఉండారు," అన్నది. ఆ మాట నిజం. నేను మళ్లీ అడగలేదు.

వర్గీస్ కన్ను

నాకు పని నేర్పినాయన వర్గీస్. కేరళ మనిషి, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. యంత్రం మీద అరచెయ్యి ఆనించి, "దీనికి జ్వరం వచ్చింది," అనేవాడు. తర్వాత మీటరు చూస్తే వేడి పెరిగి ఉండేది. ఆయన దగ్గర నాలుగేళ్లు పనిచేశాను.

అప్పట్లో ప్లాట్‌ఫారం మీద సెల్‌ఫోన్లు పనిచేసేవి కావు. రేడియో గదిలో ఒకటే ఫోను. మనిషికి మూడు నిమిషాలు, వెనకాల పదిమంది వరసలో నిలబడి ఉండేవాళ్లు. మా పాప సింధుకు అప్పుడు మూడేళ్లు. ఒకరోజు పొద్దున ఫోను చేస్తే కామాక్షి గొంతు మామూలుగా లేదు.

"బావా, పాపకి జ్వరం. ఇందాక ఫిట్సు వచ్చినాయి. నెల్లూరు తీసకపోతా ఉండాము."

ఇంకేదో చెప్పేలోపే లైను తెగిపోయింది. నా వెనక ఉన్నవాడు ఫోను అందుకున్నాడు. వరస చివరికి పోయి మళ్లీ నిలబడవచ్చు. కానీ పని మొదలుపెట్టొచ్చని పర్మిట్ కాగితం మీద సంతకం అయిపోయింది, కింద వర్గీస్ ఎదురుచూస్తున్నాడు. మెట్లు దిగి వెళ్లాను. ఆయనకు ఏమీ చెప్పలేదు. చెబితే నన్ను పని నుంచి తప్పిస్తారు, నలుగురూ వచ్చి పలకరిస్తారు, ఏడుపొస్తుంది. అదీ నా భయం.

ఆ రోజు పని చిన్నదే. కంప్రెసర్‌కు పోయే నూనెను వడగట్టే ఫిల్టర్లు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పనిలో ఉంటే రెండోది ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్నదాని మూత విప్పి లోపల మార్చాలి. అప్పటికి యాభైసార్లు చేసిన పని. నేను పనిలో ఉన్నదాని మూత విప్పాను.

వేడి నూనె పిచికారీలా లేచింది. మూత పట్టుకోవడానికి ఎదురుగా వంగి ఉన్న వర్గీస్ ముఖం మీద పడింది. ఆయన అరవలేదు. రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. యంత్రం దానంతటదే ఆగిపోయింది. గంటన్నరలో హెలికాప్టర్ వచ్చి ఆయనను తీసుకువెళ్లింది.

సాయంత్రం ఫోను చేస్తే సింధు జ్వరం తగ్గింది, ఆడుకుంటోంది అన్నారు.

విచారణ జరిగింది. మా ఇన్‌చార్జి కులకర్ణి మంచి మనిషి. నన్ను ఒక్కణ్ణే గదిలో కూర్చోబెట్టి అడిగాడు. "పెంచలయ్యా, నీలాంటివాడు ఈ తప్పు చెయ్యడు. ఇంటి దగ్గర ఏమన్నా జరిగిందా?"

"లేదు సార్," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్లయినా సరిగ్గా చెప్పలేను. ఉద్యోగం పోతుందని భయం కొంత. ఇంటి సంగతి దాచి పనిలోకి దిగినవాడని అందరూ అంటారనే సిగ్గు ఎక్కువ. ఫిల్టర్ల మీద గుర్తులు సరిగా కనబడటం లేదు కాబట్టి పొరపాటు జరిగిందని రిపోర్టు రాశారు. రెండు ఫిల్టర్లకూ పెద్ద పలకలు బిగించారు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. అవి నేను రిటైరయ్యే రోజుకు కూడా ఉన్నాయి.

డ్యూటీ దిగిన రోజే ముంబై ఆస్పత్రికి వెళ్లాను. వర్గీస్ ఎడమ కన్నుకు కట్టు ఉంది. ఆ కన్నుకు చూపు సగం కూడా మిగలదని అప్పటికే చెప్పేశారట. ఇక సముద్రం మీద పనికి ఆయనను రానివ్వరు. నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "పాపకెలా ఉంది?"

రేడియో గదిలో పనిచేసే అతను ఆయనకు చెప్పాడట. నేను తల దించుకుని నిలబడ్డాను.

"కూర్చో," అన్నాడు వర్గీస్. "పొద్దున నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ స్పానర్ నీ చేతికి ఇచ్చేవాణ్ణి కాదు. నేను విప్పేవాణ్ణి, నువ్వు పక్కన కూర్చునేవాడివి. ఇద్దరు మనుషుల్ని పెట్టింది అందుకే కదా."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. ఆయన కేరళ వెళ్లిపోయాడు. రెండు ఉత్తరాలు రాశాడు. రెండోదానికి నేను జవాబు రాయాల్సింది, రాయలేదు.

నేను పెట్టిన నియమం

ఈ ఉద్యోగంలో నేను చేసిన అసలు తప్పు ఫిల్టర్ మూత విప్పడం కాదు. ఆ తర్వాత చేసింది. వర్గీస్ నాకు నేర్పింది, చెప్పుకోమని. నేను నేర్చుకున్నది, నాకు చెప్పొద్దని.

ఆ విడత ఇంటికొచ్చాక, కామాక్షి వాకిట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే జరిగిందంతా చెప్పాను. వర్గీస్ కన్ను సంగతి విని ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఇక నుంచి నేను అక్కడున్నప్పుడు చెడ్డ మాటలు ఫోన్లో చెప్పబాక," అన్నాను. "ఏం జరిగినా వచ్చినాక చూసుకుందాం. అక్కడ చెయ్యి వణికితే ఇంకొకడి ప్రాణం పోతాది."

ఆమె పెన్నుకు మూత పెట్టింది.

"అంటే నువ్వు అక్కడుంటే ఇక్కడ అందరం బాగుండాల. అంతేనా?"

"అంతే."

"సరే బావా. బాగుంటాం లే."

ఆ మాట మీద ఆమె పద్దెనిమిదేళ్లు నిలబడింది. నేను ఫోను చేసినప్పుడల్లా అందరూ బాగున్నారు. వానలు పడ్డాయి, పాపకు మార్కులొచ్చాయి, మోటారు బాగా నీళ్లు పోస్తోంది. ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ తెలిసేది. పాప చెయ్యి విరిగి కట్టు కట్టడం, తీసెయ్యడం కూడా అయిపోయి ఉండేది. బావి మోటారు కాలిపోయి కొత్తది వచ్చి ఉండేది. మొదట్లో నేను రాగానే ఆమె వరసగా చెప్పేది. ఏళ్లు గడిచే కొద్దీ ఆ జాబితా చిన్నదైంది. జరిగేవి తగ్గలేదు. అయిపోయినవాటిని నాకు చెప్పి లాభం లేదని ఆమెకు అర్థమైంది.

ఖాదర్ సంగతి కూడా చెప్పాలి. ఖాదర్‌ది అనుమసముద్రంపేట. ఉదయగిరి హైస్కూల్లో నాతో చదువుకున్నాడు. బద్వేలు రోడ్డులో లారీ నడిపేవాడు. నేను ఇంటికొస్తే మొదట కనబడే మనిషి వాడే. ఒక విడత ఆత్మకూరు బస్టాండులో దిగాను. టీ అంగడి ఆయన నన్ను చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఖాదర్ మాట తెలిసిందా అన్నా?"

గుండె ఆగి పోయాడట. పోయి పన్నెండు రోజులైంది. ఇంటికెళ్లి కామాక్షిని అడిగాను. "చెప్పొద్దన్నావు గదా బావా," అన్నది. ఆమే స్కూలుకు సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లి వచ్చింది. నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఖాదర్ భార్య టీ పెడుతోంది. పిల్లలు ఇంటి ముందున్న తమ చిల్లర అంగడి తెరిచి కూర్చున్నారు. ఆ ఇంట్లో ఏడుపులు అయిపోయాయి. నేను ఏడవడం మొదలుపెడితే వాళ్లే నన్ను ఓదార్చాల్సి వచ్చింది.

ఇంకొకటి కూడా దాచకుండా రాస్తాను. ఆ రోజు నాకు కామాక్షి మీద కోపం రాలేదు. ఆ పన్నెండు రోజులు నేను ప్రశాంతంగా పని చేసుకున్నానని లోపలెక్కడో ఊరట కలిగింది. నియమం బాగానే పనిచేస్తోందనుకున్నాను.

మంచం

ఇంట్లో నేను చుట్టంలా ఉండేవాణ్ణి. వచ్చిన రోజు కోడికూర, పోయే రోజు పాయసం. ఈ మధ్యలో నేను ఇల్లు సరిదిద్దడం మొదలుపెట్టేవాణ్ణి. సింధు మంచం కిటికీ పక్కన ఉంటే గాలి బాగా వస్తుందని అక్కడికి జరిపాను. పద్నాలుగు రోజుల తర్వాత వస్తే మంచం పాత చోటే ఉంది. మళ్లీ జరిపాను. మళ్లీ వస్తే మళ్లీ పాత చోటే. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఇలా ఏడాది జరిగింది.

సింధుకు అప్పుడు పన్నెండేళ్లు. ఒకరోజు నేను మంచం లాగుతుంటే గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నాయనా, కిటికీలో నుంచి పొద్దున్నే ఎండ ముఖాన కొడతాది," అన్నది.

"ముందే చెప్పొచ్చు గదా."

"నువ్వుండేది కొన్నాళ్లే గదా. నువ్వు పోయినాక మార్చుకుంటా ఉండాను."

చిన్నపిల్ల గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. నాతో సర్దుకుపోతున్నారు, అంతే. వాళ్లిద్దరికీ నేనున్నప్పుడు ఒక ఇల్లు, లేనప్పుడు ఒక ఇల్లు. అసలు ఇల్లు నేను లేనప్పటిది. అది నేను ఏనాడూ చూడలేదు.

నెల్లూరు బస్టాండు

సింధు నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకునే రోజులు. పరీక్షలని తను హాస్టల్లోనే ఉండిపోయిన దసరా సెలవుల్లో నా పద్నాలుగు రోజులు అయిపోయాయి. బయలుదేరే రోజు కామాక్షి, "నేనూ నెల్లూరు దాకా వస్తా," అన్నది. ఎప్పుడూ అలా రాలేదు. పాపను చూడాలనిపించిందేమో అనుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సంగం దగ్గర పెన్నలో నీళ్లు నిండుగా ఉన్నాయి. అవి చూస్తూ ఏదో అనబోయి ఆగింది. నేను అప్పటికే కంప్రెసర్ గురించి ఆలోచిస్తున్నాను.

నెల్లూరులో దిగాం. చెన్నై బస్సు సిద్ధంగా ఉంది. బ్యాగు పైన పెట్టి వచ్చాను, చెప్పి ఎక్కుదామని.

"బావా, నేను డాక్టరు దగ్గరికి పోవాల," అన్నది కామాక్షి. "రొమ్ములో గడ్డ ఉండాది."

"ఎప్పట్నించి?"

"ఎండాకాలం సెలవుల నుంచి."

ఐదు నెలలు. ఈ ఐదు నెలల్లో నేను ఐదుసార్లు ఇంటికొచ్చాను. ఐదుసార్లు కోడికూర తిన్నాను.

"చిన్నదే," అన్నది. "సింధు వస్తా ఉండాది. మేమిద్దరం పోయి చూపించుకుంటాం. నువ్వు పో. ఆయన కూతురి పెండ్లి అన్నావు గదా."

ఆయనంటే సాహు. ఒరిస్సా మనిషి, నా జోడీ. ఇది కొత్తగా చేరేవాళ్లకు తెలియాలి. అక్కడ ప్రతి మనిషికీ ఒక జోడీ ఉంటాడు. నువ్వు దిగితేనే అతను ఎక్కుతాడు. నీ సీటు ఖాళీగా వస్తే అతను ఇంటికి పోలేడు. సాహు కూతురి పెళ్లి మరో ఐదు రోజుల్లో ఉంది. ఇరవై ఏళ్లకు పైగా నేను ఒక్క విడత కూడా తప్పలేదు. అది నా గొప్ప అనుకునేవాణ్ణి.

కండక్టరు ఎక్కమంటున్నాడు.

"పోనా?" అన్నాను.

"పో," అన్నది.

ఆమెను ఆ ప్రశ్న అడగకూడదు. అడిగితే ఆమె వేరే జవాబు చెప్పదని నాకు తెలుసు, తెలిసే అడిగాను. బస్సెక్కాను. వెనక్కి తిరిగి చూస్తే కామాక్షి చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని సింధు వచ్చే వైపు చూస్తోంది. విమానంలో పక్క సీటు ఆయన ఏదో అడిగితే మామూలుగా జవాబు చెప్పాను. హెలికాప్టర్ దిగాను. సాహు నా చెయ్యి పట్టుకుని, సమయానికి వచ్చావన్నాడు.

మూడో రోజు ఫోను చేశాను. అప్పటికి ప్లాట్‌ఫారం మీద వైఫై వచ్చింది, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. "డాక్టరు చూసినాడు. ముక్క తీసి పరీక్షకి పంపినాడు. ఏం లేదు, బాగుండాను," అన్నది. ఆ తర్వాత రోజూ బాగానే ఉంది. రిపోర్టు ఎనిమిదో రోజు వచ్చింది. నాకు మాత్రం ఇంటికొచ్చాకే తెలిసింది. క్యాన్సరే, అప్పటికే చంకలోకి, వెన్నులోకి పాకింది.

సెలవు కోసం అప్పటి ఇన్‌చార్జికి ఫోను చేసి, జీవితంలో మొదటిసారి ఇంటి సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నాకంటే చిన్నవాడు. "ఈ మాట ఇక్కడుండగా చెప్పి ఉంటే అదే రోజు హెలికాప్టర్‌లో సీటు ఇచ్చేవాణ్ణి కదా," అన్నాడు.

డాక్టరును నేను ఒక్కటే అడిగాను, ఐదు నెలల ముందు వచ్చి ఉంటే బతికేదా అని. "ముందే వచ్చి ఉంటే బాగుండేది. అంతకు మించి నేను చెప్పకూడదు," అన్నాడాయన.

పదిహేనో రోజు

ఏడాదికి పైగా వైద్యం జరిగింది, కొంత నెల్లూరులో, కొంత చెన్నైలో. ఎక్కువ రోజులు ఆత్మకూరు ఇంట్లోనే ఉన్నాం. పెళ్లయ్యాక మేమిద్దరం అన్ని రోజులు ఒకచోట ఉండటం అదే మొదటిసారి. గ్యాసు బండ ఎవరు తెస్తారో, పాలమనిషి పేరేమిటో, బియ్యం ఏ డబ్బాలో ఉంటాయో ఆమె మంచం మీద నుంచి చెబుతుంటే నేను నేర్చుకున్నాను. ఉప్పు డబ్బా కనుక్కోవడానికి నాలుగుసార్లు అడిగాను.

సెలవు పెట్టిన మొదటి నెలలో, ఇంటికొచ్చి పదిహేనో రోజు అది. పొద్దున లేచి, స్నానం చేసి, అటక మీది బ్యాగు దించాను. బట్టలు కూడా రెండు జతలు పెట్టేశాను. కామాక్షి మంచం మీద నుంచి చూస్తోంది.

"యాడికి బావా?"

అప్పుడు తెలివొచ్చింది. బ్యాగు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆమె నవ్వింది. "ఇన్నాళ్లు ఒకచోట ఉండడం మనకి చేతగాదు లే," అన్నది. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఆమె స్కూలు నుంచి ఆడపిల్లలు వచ్చేవాళ్లు. లెక్క ఆగిపోతే నోటుపుస్తకం తెచ్చి ఆమె పక్కన కూర్చునేవాళ్లు. కూర్చోలేని రోజుల్లో కూడా వాళ్లకు పడుకునే చెప్పేది. పోయే ముందు వారం దాకా చెప్పింది. ఒక పొద్దున, నేను పాలు కాచి తెచ్చేసరికి వెళ్లిపోయింది.

రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. నేను మళ్లీ పనికి పోయాను. అందరూ ధైర్యస్తుడన్నారు. ధైర్యం కాదు. ప్లాట్‌ఫారం మీద ఎవరికీ ఇల్లు ఉండదు. అక్కడైతే అందరం ఒకటే.

కొత్తగా పోయేవాళ్లకు

షాహినా లాంటి పిల్లలను ఈ ఉద్యోగానికి పోవద్దని నేను అనను. పని మంచిది, నేర్పు పెరుగుతుంది. కానీ చేరే ముందే ఇంట్లోవాళ్లతో కూర్చుని ఒకటి తేల్చుకోండి. చెడ్డ కబురు వస్తే మీకు ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు. ఆ కబురు విన్నాక పక్కవాడికి చెప్పి స్పానర్ కింద పెట్టండి. వెళ్లాలో మానాలో తెలియనప్పుడు, వెళ్లమనడం తప్ప వేరే దారి లేని మనిషిని అడగకండి. ఇంటికొచ్చిన రోజులను పండగ చేసుకోకండి. పండగ రోజు ఎవరూ రోగం మాట ఎత్తరు. మీకు భయపడి చెప్పలేకపోతారు.

ఇక్కడి దాకా రాసి, పోయిన ఆదివారం సింధుకు చదవమని ఇచ్చాను. తను ఇప్పుడు నెల్లూరులో ఒక ల్యాబులో పనిచేస్తోంది. వాళ్లమ్మ పోయాక రెండేళ్లు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. బస్టాండులో తను వచ్చేసరికి అమ్మ ఒక్కటే నిలబడి ఉందని, "నాయన ఏడి?" అంటే "పోయినాడు" అన్నదని, తర్వాత ఒకసారి చెప్పింది. ఆ మాట చెప్పడానికి తనకు రెండేళ్లు పట్టింది. అప్పటి నుంచి నెలకోసారి వస్తోంది.

కాగితాలన్నీ చదివి, సర్ది, బల్ల మీద పెట్టింది.

"ఒకటి తప్పు రాసినావు నాయనా."

"ఏంది?"

"భయపడి చెప్పలేకపోతారని రాసినావు. అమ్మ నీకు భయపళ్లేదు. చెప్పాలనే ఉండింది. నేనే అడిగినాను, ఐదుసార్లు వచ్చినాడు గదా, ఎందుకు చెప్పలేదని."

"ఏమన్నాది?"

సింధు కాగితాల అంచులు మళ్లీ సరిచేసింది.

"మీ నాయన ఇంటికొచ్చినాక రెండు మూడు రోజులు చెవుల్లో యంత్రాల హోరు పోదు, మెల్లగా మాట్లాడితే వినపడదు, అన్నాది. అరిచి చెప్పే మాట కాదు గదా ఇది, అన్నాది. చెవులు కుదురుకుని, నువ్వు నవ్వతా తిరగతా ఉంటే, ఇంకో రోజు ఉండనీలే అనుకునేదంట. ఆ ఇంకో రోజు, ఇంకో రోజు అని నీ బ్యాగు సర్దే రోజు వచ్చేసేది."

సింధు లేచి వంటింట్లోకి వెళ్లింది.

హోరు నిజమే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నుంచీ ఉంది. బయటపడితే కంపెనీ డాక్టరు పరీక్షలో పని నుంచి తప్పిస్తారని ఎవరికీ చెప్పలేదు. కామాక్షికి కూడా నేను ఒక్కసారీ చెప్పలేదు.